సూదికి పోతే కరోనా తగులుకుంటదంట: నెల్లూరు జిల్లాలో ఒక ఊరి కేస్ స్టడీ

2021 ఏప్రిల్‌లో ఒక ఉదయం కోవిషీల్డ్ అనే కరోనా టీకా వయల్ (సీసా) ఐస్‌బాక్సులో పెట్టుకుని నేనూ మా ఏఎన్ఎం (ఊళ్ళో టీకాలు వేసే నర్సు) పదకొండున్నర దాకా ఎదురుచూశాం. ఒక వయల్‌లో 10 డోసులుంటాయి. ఒకసారి తెరిచామంటే 4 గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాలి. అందుకని పదిమంది పోగయితేనే తెరిచేవాళ్ళం. ఆ పూట వచ్చింది ఆరుగురు. అందులో నలుగురు ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని టౌన్ నుంచి కార్లలో వచ్చినవాళ్ళు, మిగతా ఇద్దరు మా ఆశా కార్యకర్త అత్తామామలు. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) గేటుకి ఎదురుగా టీ బంకు దగ్గర మా ఊరివాళ్ళే పదిహేను మంది దాకా నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. ఒక్కరూ గేటు దాటలేదు.

అప్పుడు నేను ఆ పీహెచ్‌సీకి మెడికల్ ఆఫీసర్‌ని. కార్లలో వచ్చినవాళ్ళని మా దాకా తెచ్చింది ఫోనే, టీ బంకు దగ్గర వాళ్ళని ఆపిందీ ఫోనే. ఆ తర్వాత మూడు నెలలు ఈ రెండో సంగతి ఎలా జరిగిందో తెలుసుకోవడానికీ, దాన్ని మార్చడానికీ నేనూ మా సిబ్బందీ చేసిన పనులన్నీ ఇక్కడ రాస్తున్నాను. వీటిలో పనికొచ్చినవీ ఉన్నాయి, బెడిసికొట్టినవీ ఉన్నాయి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. టీకాల పనిలో ఉన్న ఏఎన్ఎంలకి, కొత్తగా చేరే డాక్టర్లకి ఉపయోగపడాలని రాస్తున్నాను.

ఊరు, ఊళ్ళో గ్రూపులు

తీరానికి దగ్గరి ఊరు. వరి, రొయ్యల గుంటలు. ప్రతి వీధిలో కువైట్‌లో ఉన్న మనిషి ఒకరైనా ఉంటారు. ఊరి చివర యానాదుల కాలనీ. ఆ కాలనీ తప్పిస్తే స్మార్ట్ ఫోన్ దాదాపు ప్రతి ఇంట్లో ఉంది గానీ ఒక్కో ఇంటికి ఒక్కటే. పగలు అది మగవాళ్ళ జేబులో, రాత్రి పిల్లల చేతిలో ఉంటుంది.

వాట్సాప్ గ్రూపులు ఎన్ని ఉన్నాయో మా ఆశా లెక్క పెడితే పది దాటాయి. సచివాలయం గ్రూపు ఒకటుంది, దాంట్లో అడ్మిన్లు మాత్రమే పోస్టు పెట్టగలరు. పింఛను తేదీలు, కరెంటు కోతలు, మా టీకా క్యాంపు వివరాలు అందులో వచ్చేవి. మిగతావి కులం గ్రూపులు, చర్చి గ్రూపు, హీరోల అభిమానుల గ్రూపులు, రొయ్యల రేట్ల గ్రూపు, కువైట్ వాళ్ళు పెట్టుకున్న కుటుంబాల గ్రూపులు. మాటలు నడిచేది వీటిలోనే. మేం చెప్పాలనుకున్నదంతా చెప్పింది మాత్రం ఎవరూ తిరిగి మాట్లాడలేని ఆ మొదటి గ్రూపులో. ఈ తేడా గుర్తించడానికి నాకు నెల పట్టింది.

అప్పటికే ఊరివాళ్ళకి టీకా గురించి ఏమీ తెలియదని అనుకుంటే పొరపాటు. ఆ ఏడాది జనవరి 16న దేశంలో టీకా మొదలైంది. ముందు ఆరోగ్య సిబ్బందికి, మార్చి 1 నుంచి 60 దాటినవాళ్ళకి, జబ్బులున్న 45 దాటినవాళ్ళకి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ ఇచ్చారు. టీ బంకు దగ్గర మాట్లాడిస్తే ఈ తేదీలన్నీ చెప్పారు. కోవాగ్జిన్ హైదరాబాద్‌లో తయారవుతుందని తెలుసు. కోవిషీల్డ్ రెండో డోసు గడువు 4-6 వారాల నుంచి 4-8 వారాలకి మార్చారని నాకంటే ముందే తెలుసు. "మార్చేది దేనికి మేడమ్? వాళ్ళకే తెలీకపోతే మా మీద ప్రయోగమా?" అని ఒకాయన అడిగాడు. మంచి ప్రశ్న. దానికి ఆ రోజు నా దగ్గర తయారుగా జవాబు లేదు.

మా శాఖలో అవగాహన అంటే పోస్టర్, మైకు, కరపత్రం. సమాచారం లేనిచోట అవి పనిచేస్తాయి. ఇక్కడ ఇంటింటికీ కావలసినంత సమాచారం వచ్చిపడుతోంది. దాని మీద వచ్చే ప్రశ్నకి జవాబు చెప్పే మనిషే లేడు. ఫార్వర్డులు ఆ ఖాళీలో దూరాయి.

ఒక వాయిస్ మెసేజ్

ఏప్రిల్ నెలాఖరులో పక్క మండలంలో అరవై దాటిన ఒక రైతు టీకా వేసుకున్న మూడో రోజు చనిపోయాడు. ఆయనకి పాత గుండె జబ్బు ఉందని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే ఒక వాయిస్ మెసేజ్ మొదలైంది. నిమిషం కూడా ఉండదు. వెనక ఆడవాళ్ళ ఏడుపులు, ముందు ఒక గొంతు: "సూదేసినారు, సాయంత్రానికి జొరం, మూడోనాటికి మనిషే లేడు. మీరన్నా జాగర్త పడండి." నా ఫోన్‌కి అది వచ్చేసరికి దాని మీద రెండు బాణాల గుర్తు ఉంది. అంటే మన దాకా రాకముందే అది అయిదు చేతులో అంతకంటే ఎక్కువో మారిందన్నమాట. అలాంటి మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కి మించి పంపకుండా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లోనే కట్టడి పెట్టింది. అయినా ఒక్క రాత్రిలో ఊరంతా విన్నది. ఫోన్ చేతికిచ్చి "ఇను" అంటే చాలు, ఫార్వర్డ్ చేయనక్కర్లేదు కదా.

మర్నాడు నేను చేసిన పని ఈ కేసులో పెద్ద పొరపాటు. ఆశా చేత నన్ను రెండు గ్రూపుల్లో చేర్పించుకుని పొడుగాటి మెసేజ్ పెట్టాను. "వదంతులను నమ్మవద్దు. వ్యాక్సిన్ పూర్తిగా సురక్షితం. అసత్య ప్రచారం చేసేవారిపై చర్యలు తీసుకోబడును." కింద ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ బొమ్మ ఒకటి, ఇంగ్లీషులో. జవాబు ఒక్కటీ రాలేదు. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మర్నాడు టీకాకి వచ్చినవాళ్ళు ముగ్గురు.

ఆ సాయంత్రం మా ఆశా చెప్పిన మాట రాసి పెట్టుకున్నాను. "చచ్చిపోయినాయన గురించి మీరొక్క ముక్క కూడా అనలా మేడమ్. ఆళ్ళు ఏడస్తా ఉంటే మీరు కేసులంటిరి."

ఆమె చెప్పింది నిజం. ఆ గొంతు అబద్ధమాడలేదు. మనిషికి టీకా వేశారు, మనిషి పోయాడు, రెండూ జరిగాయి. దానివల్లే ఇది జరిగిందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. టీకా తర్వాత వచ్చే ఏ తీవ్రమైన ఇబ్బందినైనా పై అధికారులకి రిపోర్టు చేయాలి, జిల్లా కమిటీ కాగితాలన్నీ చూడాలి, ఆ పైన రాష్ట్ర, జాతీయ కమిటీలు నిర్ణయించాలి. ఇదంతా నాకు తెలుసు. ఊరికి తెలియదు. నేను చెప్పలేదు. "పూర్తిగా సురక్షితం" అన్న రెండు ముక్కలతో ఆ దారంతా మూసేశాను.

రెండు రోజుల తర్వాత రెండో ప్రయత్నం చేశాం. ఈసారి వాయిస్ మెసేజే. నా గొంతుతో వద్దనుకున్నాం. ఏం చెప్పాలో నేను చెబితే, మా ఏఎన్ఎం తన మాటల్లో చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లలందరికీ పోలియో చుక్కలేసింది ఆమే. "పక్క మండలంలో పెద్దాయన పోయినాడని మనందరం ఇన్నాం, శానా బాధగా ఉంది. సూది వల్లనా, గుండె జబ్బు వల్లనా అనేది జిల్లా నుంచి డాక్టర్లు కాయితాలు చూసి చెప్పాల, అది తేలినాక నేనే ఈడ చెప్తా. అంతదాకా మీరు చూసుకోవాల్సింది ఇది: సూదేసుకున్నాక అరగంట ఈడే కూసోవాల, దేనికంటే ఒళ్ళు పడకపోతే ఆ అరగంటలోనే తెలిసిపోద్ది, మందు మా చేతిలోనే ఉంటది. జొరం, ఒళ్ళు నొప్పులు రెండు రోజులు. అది దాటినా తగ్గకపోయినా, ఆయాసమొచ్చినా, కాలు వాచినా నాకు ఫోన్ చెయ్యండి, రేత్రయినా చెయ్యండి." చివర్లో తన నంబరు రెండుసార్లు చెప్పింది.

ఆ రాత్రి ఆమెకి వచ్చిన ఫోన్లలో ఒక్కరు కూడా తిట్టలేదు. అన్నీ ప్రశ్నలే.

అయితే ఇలా నిజం విప్పి చెప్పడానికి ధైర్యం కావాలి. మే 17న ఆరోగ్య శాఖ ఒక లెక్క బయటపెట్టింది. కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టే సమస్య పది లక్షల డోసులకి 0.61 చొప్పున నమోదైందని, మొదటి 20 రోజుల్లో ఆయాసం, ఛాతీ నొప్పి, కాళ్ళ వాపు, తగ్గని తలనొప్పి లాంటివి వస్తే చూసుకోమని చెప్పింది. జూన్‌లో, మార్చి 8న టీకా వేసుకున్న 68 ఏళ్ళ వ్యక్తి అనాఫిలాక్సిస్‌తో, అంటే ఉన్నట్టుండి వచ్చే తీవ్రమైన అలర్జీతో చనిపోయాడని జాతీయ కమిటీ నిర్ధారించింది. ఈ రెండు వార్తల్నీ మేమే ముందు గ్రూపులో చెప్పాం. తోటి డాక్టర్లు కొందరు భయపడ్డారు, "ఉన్న పది మంది కూడా రారు" అని. నా అనుభవంలో అలా జరగలేదు. కష్టమైన మాట మా నోటి నుంచి విన్నాక, తేలికైన మాట కూడా నమ్మారు. అరగంట కూర్చోమంటే అంతకుముందు గొణిగేవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళే గడియారం చూసుకుని కూర్చున్నారు.

ప్రశ్నల పుస్తకం

వాయిస్ మెసేజ్ తర్వాత ఆశాలకి, ఏఎన్ఎంకి, వాలంటీర్లకి తలా ఒక నోట్‌బుక్ ఇచ్చాం. జవాబు తెలిసినా తెలియకపోయినా, విన్న ప్రశ్నని విన్నట్టే, వాళ్ళ మాటల్లోనే రాయమన్నాం. రాత్రి ఎనిమిదింటికి నాకు చదివి వినిపించాలి. రెండు వారాలకి ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పుకార్లు ఖండించాలని తయారైన నాకు అందులో పుకార్లు తక్కువ కనబడ్డాయి.

ఎక్కువ పేజీలు వాళ్ళ సొంత ఒంటి గురించే. షుగర్ మాత్ర ఆపాలా? బీపీ ఉంటే వేస్తారా? స్టెంట్ వేసుకున్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడతా, పరవాలేదా? పాలిచ్చే తల్లి వేసుకోవచ్చా? (మే 19న కేంద్రం పాలిచ్చే తల్లులకి వేయొచ్చని చెప్పింది, గర్భిణులకి జులై 2న.) ఇవి ఏ ఓపీలో అయినా రోజూ అడిగే ప్రశ్నలే. జవాబు దొరక్కపోతే పక్కింటాయన ఫోన్‌లో ఉన్నదే జవాబైపోతుంది.

మద్యం సంగతి ఇంకోటి. నెలా పదిహేను రోజులు తాగకూడదంటన్న మాట గ్రూపుల్లో తిరిగింది. మా ఊళ్ళో నలభై అయిదు దాటిన మగవాళ్ళు చాలామంది రాకపోవడానికి అసలు కారణం ఇదే. ఎవరూ పైకి చెప్పరు, ప్రాణభయం అంటారు. మద్యం వల్ల టీకా పనిచేయదనడానికి ఆధారం లేదని ఆరోగ్య శాఖ ప్రశ్నోత్తరాల్లోనే రాసింది. ఇది చెబితే తాగుడుని ప్రోత్సహించినట్టవుతుందేమోనని మా సిబ్బంది నోరు విప్పలేదు. నేనే టీ బంకు దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాను: జ్వరం వచ్చే రెండు రోజులు మానెయ్యండి, ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, దానికోసం సూది మాత్రం మానొద్దు. మర్నాడు అందులో ఏడుగురు వచ్చారు. తాగుడు మానమని చెప్పాల్సిన రోజు వేరే ఉంది.

ఆడవాళ్ళ వైపు నెలసరికి ముందు అయిదు రోజులు, తర్వాత అయిదు రోజులు వేసుకోకూడదనే పోస్టు తిరిగింది. అది తప్పని ఏప్రిల్ 24నే ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది, ఆ బొమ్మ మా ఊరి ఒక్క ఆడమనిషి ఫోన్‌కీ చేరలేదు. మా ఏఎన్ఎం డ్వాక్రా సంఘం మీటింగులో "నాకేసింది ఆ రోజుల్లోనేనమ్మా" అని ఒక్కమాట అనడంతో అది తేలిపోయింది.

ఇక నోట్‌బుక్కుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడిన వాక్యం, ఈ కేసుకి పేరు పెట్టిన వాక్యం: "సూదికి పోతే కరోనా తగులుకుంటదంట."

నేను దీన్ని మొదట మామూలు పుకార్ల కుప్పలో వేశాను. టీకాలో బతికున్న కరోనా వైరస్ లేదు, జబ్బు రాదు అని జవాబు కూడా రాయించాను. అప్పుడు మా ల్యాబ్ టెక్నీషియన్ అడిగాడు, "మేడమ్, వాళ్ళు సూది గురించి అనడంలేదేమో. ఇక్కడికి రావడం గురించేమో."

బయటికొచ్చి చూశాను. మే మొదటి వారం. దేశంలో ఒక్కరోజు కేసులు 4 లక్షలు దాటిన రోజులు. మా పీహెచ్‌సీ ముందు ఒకటే వరండా. కుడివైపు దగ్గుతూ ముక్కు పరీక్షకి వచ్చినవాళ్ళ వరస. ఎడమవైపు టీకా వరస. మధ్యలో రెండు వరసలూ కలిసే చోట ఒక్క నీళ్ళ కుండ, ఒకటే గ్లాసు. టీకా వేసుకున్నవాళ్ళని అరగంట కూర్చోబెట్టే బల్ల, పరీక్ష వరసకి నాలుగడుగుల దూరంలో. రక్షణ రావడానికి మొదటి డోసు తర్వాత వారాలు పడుతుంది. ఆ లోపల ఇక్కడికొచ్చిన మనిషికి జబ్బు రాదని నేను ఎలా చెప్పగలను? ఊళ్ళో ఇద్దరికి అలాగే వచ్చింది కూడా. టీకాకి వచ్చి వెళ్ళిన వారంలోపే.

అది పుకారు రూపంలో వచ్చిన ఫిర్యాదు. ఆ వరండాని మేం రోజూ చూస్తున్నాం, మాకు కనబడలేదు. వాళ్ళకి కనబడింది. చెప్పుకోవడానికి చోటు లేక గ్రూపుల్లో చెప్పుకున్నారు. నోటి మాట ఫార్వర్డ్ అయ్యేసరికి "అక్కడికి" పోయి "సూదికి" మిగిలింది.

మూడు రోజుల్లో టీకాని జిల్లా పరిషత్ హైస్కూలుకి మార్చాం. కర్ఫ్యూ కాలం, స్కూలు ఖాళీ. వెనక వేపచెట్ల కింద అరగంట కూర్చోవడానికి బల్లలు. నీళ్ళ కుండ తీసేసి, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోమన్నాం. ఆ తర్వాతే గ్రూపుల్లో చెప్పాం. ఖండన పెట్టలేదు. ఖాళీ వరండా ఫొటో ఒకటి, వేపచెట్ల కింద బల్లల ఫొటో ఒకటి, ఏఎన్ఎం గొంతు: "మీరు చెప్పింది నిజమే, రెండు వరసలు ఒకచోట ఉండకూడదు. మార్చేశాం." మా మూడు నెలల పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చిన మెసేజ్ ఇదే. ఆ వారం రెండు వయల్స్ తెరిచిన రోజులున్నాయి.

కృష్ణపట్నం రోజులు

ఇదే సమయంలో మా జిల్లాలోనే ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకి ఇస్తున్న నాటు మందు వార్త దేశమంతా పాకింది. మే 21న అక్కడికి వేలమంది వచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన చేయించి, నెలాఖరుకి కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చంది. మా ఊరి నుంచి కూడా ఆటోలు వెళ్ళాయి. ఆక్సిజన్ పడకల కోసం జనం అల్లాడుతున్న రోజులవి. ఆశ ఎక్కడ కనిపిస్తే అక్కడికి పరిగెత్తిన మనుషుల్ని నేను తప్పు పట్టలేను.

వృత్తిపరంగా నేను చూసింది ఒక విషయం. ఆ వీడియోల్లో జబ్బు మనిషి తనే మాట్లాడతాడు. నిన్న ఎలా ఉన్నాడో, ఈ రోజు ఎలా ఉన్నాడో తన నోటితో చెబుతాడు. అది వైద్యానికి రుజువు కాదు. అలా చెప్పినవాళ్ళ పరిస్థితి తర్వాత ఏమైందో ఆ వీడియో చూపించదు. కానీ మనసుకి ఎక్కే రూపం అది. మా వైపు నుంచి ఏముంది? మంత్రి గారి ఫొటో, సిరంజి బొమ్మ, చేయి చేయి కలుపుదాం అనే నినాదం.

ఆ రూపాన్ని నిజానికి వాడుకుందామనుకున్నాం. టీకా వేసుకుని నెల దాటిన ఊరివాళ్ళని, వాళ్ళ ఇంటి అరుగు మీదే, ఉన్నదున్నట్టు చెప్పమని ఆశాలు ఫోన్‌తో తీశారు. జ్వరం రాలేదని అబద్ధం చెప్పించలేదు. ఒక పెద్దమ్మ "రేత్రంతా మూలిగినా, పొద్దునకి గంజి తాగినా, అంతే" అంది. ఆ పదమూడు సెకన్ల వీడియో చాలామంది స్టేటస్‌లో కనిపించింది. కువైట్ నుంచి ఒకామె తన వాయిస్ పంపింది, అక్కడ సూది లేకుండా పనిలో ఉండనివ్వరని, తను వేసుకుందని. ఆమె తల్లి, ఇద్దరు ఆడబిడ్డలు ఆ వారమే వచ్చారు. కువైట్‌కి తిరిగి వెళ్ళాల్సిన మగవాళ్ళైతే కోవిషీల్డే కావాలన్నారు, పాస్‌పోర్టు నంబరు సర్టిఫికెట్‌లో పడాలన్నారు. కోవాగ్జిన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబర్ 3న గానీ రాలేదు కాబట్టి వాళ్ళ పట్టుదలకి అర్థముంది. "కోవాగ్జిన్ మంచిది కాదు కాబట్టే కువైట్ వద్దందంట" అని దాన్నుంచి మళ్ళీ ఒక పుకారు పుట్టింది. దానికి జవాబు చెప్పుకోవడానికి ఇంకో వారం పోయింది.

ఫోన్ లేని చోట

యానాదుల కాలనీలో రెండో మూడో స్మార్ట్ ఫోన్లు. అక్కడ పుకార్లు ఉండవనుకుని, చివర్లో వెళ్దాంలే అని వదిలేశాం. జూన్ మొదట్లో వెళితే, టీకా వేసుకున్నవాళ్ళు రెండేళ్ళలో చచ్చిపోతారన్న మాట అక్కడ అందరికీ తెలుసు. అది ఫ్రాన్స్‌కి చెందిన నోబెల్ గ్రహీత లూక్ మోంటానియె పేరు మీద మే నెలలో తిరిగిన పోస్టు. ఆయన ఆ మాట అనలేదని ప్రభుత్వం అప్పుడే చెప్పింది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పేరు మీది మాట, ఫోన్ లేని గుడిసెకి ఎలా చేరింది? రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే మగవాళ్ళు, యజమాని ఫోన్‌లో విని వచ్చి ఇంట్లో చెప్పారు.

నాకు ఇది పెద్ద పాఠం. సోషల్ మీడియా వాడేవాళ్ళెందరు, వాడనివాళ్ళెందరు అని లెక్కలేసి ఊరిని రెండుగా చీల్చడం కుదరదు. పుకారు ఫోన్ నుంచి దిగి నోటి మీద నడుస్తుంది. మా జవాబు దిగదు. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌ని ఎవరూ బోరింగు దగ్గర తిరిగి చెప్పలేరు. "రెండేళ్ళలో చచ్చిపోతారు" అనేది రెండే మాటలు. అందుకని కాలనీకి వెళ్ళేటప్పుడు మా జవాబు కూడా అలా చిన్న మాటలోకి రావాలనుకున్నాం. మా ఏఎన్ఎం తనే కట్టిన మాట: "నాకేసి అయిదు నెలలాయె, చూడండి నన్ను." ఆమె జనవరిలో వేయించుకుంది. ఆ మాటని కాలనీ ఆడవాళ్ళు తేలిగ్గా మోసుకెళ్ళారు. "సూదమ్మకి అయిదు నెలలాయెనంట" అని.

నోటిమాటతో ఫోన్‌కి ఎదురెళ్ళడం నా సొంత ఆలోచన కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు రేగినప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఒక్కో ఊరికి ఒక్కో పోలీసుని కేటాయించి, డప్పుతో, పాటతో జనంలోకి వెళ్ళారు. మనిషి ముఖం తెలిసి ఉండడం అనే ఆ సూత్రాన్నే మేం తీసుకున్నాం.

ఉపయోగపడిన పుకారు

జూన్‌లో ఒక మాట పుట్టింది: టీకా వేసుకోకపోతే పింఛను, రేషను ఆపేస్తారంట. ఒక్కరోజులో ముసలివాళ్ళు క్యూ కట్టారు. మా సిబ్బంది మొహాలు వెలిగాయి. "మేడమ్, దీన్ని ఇట్టాగే పోనిద్దాం" అన్నారు. ఆ పూట నేను బల్ల మీద కూర్చుని ఒక్కొక్కరికీ చెప్పాను, వేసుకోకపోయినా పింఛను ఆగదు, వేసుకుంటే మీ ప్రాణానికి మంచిది, ఆలోచించుకోండి అని. కొందరు వెళ్ళిపోయారు. మా వాలంటీర్ ఒకరికి నా మీద కోపం వచ్చింది, టార్గెట్ ఉన్నది ఆ అబ్బాయికి.

దీనికి కారణం నాకు పాత జ్ఞాపకం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి, దాదాపు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లో కూడా అదే ప్రాజెక్టు నడిచింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. మరణాలకి టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడలేదని విచారణ చెప్పింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంగతి కూడా బయటపడింది. అప్పుడు ఆ పల్లెల్లో వాట్సాప్ లేదు. అపనమ్మకం వాట్సాప్ లేకుండానే ఏళ్ళ తరబడి నిలిచింది. ప్రాణం కాపాడే టీకాకి అడ్డదారి సంతకం ఎంత చెరుపు చేస్తుందో ఆ వైపు పనిచేసిన సీనియర్ల నోట చాలాసార్లు విన్నాను. పింఛను భయంతో వచ్చిన ముసలమ్మ, అది అబద్ధమని తెలిసిన రోజున మా మాట ఇంకేదీ నమ్మదు.

ఫలితం, దాని హద్దులు

జూన్ 20న రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకి పైగా డోసులు వేశారు. ఆ రోజు మా హైస్కూల్లో పొద్దున ఏడింటికే వేపచెట్టు కింద బల్లలు నిండాయి. అయిదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకి వయసుతో పని లేకుండా వేయాలని రాష్ట్రం నిర్ణయించడంతో చంకన పిల్లలతో కోడళ్ళు వచ్చారు. ఏప్రిల్‌లో టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్ళలో చాలామంది జులైకి మొదటి డోసు అయినవాళ్ళే.

ఇదంతా మా మెసేజ్‌ల వల్లే అంటే అది కూడా ఒక పుకారే అవుతుంది. మేలో ఊళ్ళో చావులు చూశారు, భయం దారి మార్చింది. సరఫరా మెరుగయింది, వయల్స్ లేక వెనక్కి పంపిన రోజులు తగ్గాయి. క్యాంపు ఇంటి దగ్గరికి వచ్చింది. వీటిలో దేని వాటా ఎంతో ఒక ఊరి కేసుతో విడదీయలేను. నాకు గట్టిగా తెలిసినవి రెండే, ఎందుకంటే రెండూ ముందూ తర్వాతా నా కళ్ళ ముందే జరిగాయి. కేసులు పెడతామన్న మెసేజ్ తర్వాత జనం తగ్గారు. వరండా మార్చి, "మీరు చెప్పింది నిజమే" అన్న తర్వాత పెరిగారు.

చేయలేకపోయినవీ ఉన్నాయి. కుర్రవాళ్ళ ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మా చేతికి అందలేదు. టీకా వేసుకున్న చేతికి అయస్కాంతం అంటుకుంటుందని జూన్‌లో వీడియోలొస్తే, మా దగ్గర ఒక రూపాయి బిళ్ళ చేతికి పెట్టి చూపించడం తప్ప ఇంకేం లేకపోయింది. ఆర్‌ఎంపీ డాక్టర్లని మొదట్లోనే కలుపుకోవాల్సింది. ఊళ్ళో జ్వరమొస్తే ముందు ఫోన్ వెళ్ళేది వాళ్ళకే. మేం జూన్ దాకా వాళ్ళని దూరం పెట్టాం, అది తప్పు. ఏఎన్ఎం నంబరు ఊరందరికీ ఇచ్చేటప్పుడు రాత్రిళ్ళు ఆమెకి నిద్ర ఉండదని నేను ఆలోచించలేదు. వారానికి ఇద్దరు మార్చుకునే ఏర్పాటు చేసేసరికి ఆమెకి బీపీ మాత్రలు మొదలయ్యాయి. ఇలాంటి పని ఎవరైనా మొదలుపెడితే ఫోన్ డ్యూటీని కూడా డ్యూటీగా రాయండి, దానికి సెలవు కూడా ఇవ్వండి.

పక్క మండలం రైతు కేసులో జిల్లా కమిటీ కాగితాలు ఆగస్టులో మా దాకా వచ్చాయి. గుండెపోటు అని రాశారు, టీకాతో సంబంధం కనబడలేదన్నారు. మా ఏఎన్ఎం మాట ఇచ్చింది కాబట్టి ఆ రాత్రే గ్రూపులో వాయిస్ పెట్టింది. అప్పటికి ఆ సంగతి ఊళ్ళో చాలామంది మర్చిపోయారు. ఒక్కరు మాత్రం జవాబు పెట్టారు, "గుర్తు పెట్టుకుని చెప్పినావమ్మా" అని. ఆ గ్రూపు ఇప్పటికీ నడుస్తోంది. పోయిన నెల నేను ఆ ఊరు మీదుగా వెళ్తూ ఆగితే, ఆమె నా ఎదురుగానే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఎవరో కోడలికి చెబుతోంది, తొమ్మిది నెలలు నిండినాయి కదా, బుధవారం బిడ్డని తీసుకురా, తట్టు సూది ఆ రోజే, పలచగా జొరం ఉంటే ముందు నాకు చూపించు అని.